చెరకు ఇంజను ముందు వేసిన ఆకు

దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్లో కింద అంతస్తులో రైలు రెస్టారెంటు ఉంది. లోపలికి అడుగు పెట్టగానే నల్లటి బొగ్గింజను కనిపిస్తుంది. తినడానికి వచ్చినవాళ్ళు ముందు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఆ ఫోటోలన్నిటిలో ఇంజను మూతి మీద ఒక తెల్ల నంబరు పడుతుంది. ఆ నంబరు వేసింది నేను. అది అబద్ధం నంబరు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఐదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. ఇప్పటిదాకా పెయింటు డబ్బాల మీద రంగు పేరు తప్ప ఇంకేమీ రాయలేదు. ఎక్కడ మొదలెట్టాలో తెలియక రాసింది చెరిపేసి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపేశాను. కోపం తగ్గాక రాయరా అన్నారు ఒకరిద్దరు. నా కోపం తగ్గేదాకా ఆగితే ఇంక రాసేది ఉండదు.

మా వర్క్‌షాపు అబుదాబిలో ఫ్యాక్టరీలుండే ఐకాడ్‌లో. నేను అక్కడ పెయింటర్ని. మామూలుగా మాకు వచ్చేవి నీళ్ళ ట్యాంకులు, పైపులు, మెట్ల రెయిలింగులు. కరోనా తగ్గి హోటళ్ళు మళ్ళీ తెరిచాక, ఒకరిని చూసి ఒకరు కొత్త కొత్త వేషాలు కట్టడం మొదలెట్టారు. ఆ వేషాల కోసమే ఒకరోజు లోబెడ్ ట్రైలర్ లారీ మీద మా యార్డులోకి ఒక ఇంజను వచ్చింది. దాని వెనకాల రెండు చిన్న గూడ్సు బండ్లు, మనుషులు ఎక్కే డబ్బా ఒకటి.

ఇంజను అంటే మన విశాఖపట్నం లైను మీద తిరిగేటంత పెద్దది కాదు. చక్రాలు నా నడుం దాకా కూడా రావు. పట్టాలు దగ్గరదగ్గరగా ఉండే చిన్న లైనుది. కానీ ఆ ఇనుము చూస్తే చెయ్యి వెయ్యబుద్ధవుతుంది. ఇప్పటిలాగా వెల్డింగు కాదు, బాయిలరు చుట్టూ రివిట్లు వరసగా కుంకుడుగింజల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. పొగగొట్టం మీద తుప్పు పొరలు పొరలుగా లేచిపోయింది. పక్కన చిన్న ఇత్తడి పలక, దాని మీద సగం అరిగిపోయిన అక్షరాలు.

మా ఇంజనీరు సారు వచ్చి చూశాడు. సారు విజయవాడ మనిషి, తెలుగువాడే. అందరితో హిందీలో మాట్లాడతాడు, మాతో మాత్రం తెలుగులో తిడతాడు.

"జాగ్రత్తరా బాబూ, జపాన్ సరుకు. వాళ్ళు పక్క దేశాల్ని ఏలినప్పుడు అక్కడ నడిపిన రైళ్ళు ఇవి. ఇప్పుడు యాంటిక్. గీత పడిందంటే మీ జీతాలు చాలవు."

జపాను, పరదేశం, రైలు. ఆ మూడు మాటలు చాలు నాకు. ఆ పూట అన్నం సహించలేదు.

ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం వార. మా వైపు వలసపోవడం ఇవాళ్టిది కాదు. మా ముత్తాతల కాలంలో బర్మాలో రంగం వెళ్ళేవారు, మలయా వెళ్ళేవారు. మా అమ్మమ్మ తండ్రి మలయాలో రబ్బరు తోటల పనికి వెళ్ళాడు. అప్పటికి అమ్మమ్మ పాలు తాగే పిల్ల. ఓడ ఎక్కే ముందురోజు ఆమెను ఎత్తుకుని ఊరంతా తిప్పాడట, తన చేత్తోనే ఆమెకు మొలతాడు కట్టాడట. ఆయన గురించి మా ఇంట్లో మిగిలింది ఆ మాట ఒక్కటే.

ఆయన వెళ్ళాక జపానువాళ్ళు మలయా మీదికి వచ్చారు. యుద్ధం అయిపోయాక పక్కూరి మనిషి ఒకాయన ప్రాణాలతో తిరిగొచ్చి మా ముత్తవ్వతో చెప్పాడు. "మీ వోడ్ని జపానోడు సయాం అడివిలో రైలు పట్టాలెయ్యడానికి ఎక్కించుకెల్లిపోనాడు. లారీ ఎక్కడం సూసినాను. మరి తిరిగి రాడం సూళ్ళేదు."

సయాం అంటే ఇప్పటి థాయిలాండ్. ఆ అడవిలో మనవాళ్ళు, అరవవాళ్ళు, ఇంకా ఎన్ని దేశాలవాళ్ళో కలరాకి, ఆకలికి, దెబ్బలకి రాలిపోయారని తరువాత అందరూ చెప్పుకున్నారు. మా ముత్తాత పోయాడని మాత్రం ఎవరూ వచ్చి చెప్పలేదు. అందుకని మా ముత్తవ్వ బొట్టు తియ్యలేదు. ఏటా పెద్దల అమావాస్యకు మా ఇంట్లో పోయినవాళ్ళందరికీ తలో ఆకు వేసి, ఎవరికి ఏది ఇష్టమో అది వడ్డిస్తారు. ఆయనకు ఆకు వెయ్యబోతే ముత్తవ్వ లేచి అడ్డం నిలబడేదట. "బతికున్న మనిసికి ఆకేత్తారేటి?" అని. అదే బొట్టుతో ఆమె పోయింది. ఆమెకు ఆకు వేస్తున్నారు, ఆయనకు లేదు.

తరువాత కూడా ఆయనకు ఆకు వెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మా కర్మలు చేయించే దాసుడుగారిని అడిగితే ఆయన ఒక దారి చెప్పాడు. కబురు లేని మనిషికి ఉత్తినే ఆకు వెయ్యకూడదు, ఆయన చేత్తో ముట్టుకున్నదేదైనా ముందు పెట్టుకుని వెయ్యండి అన్నాడు. ఏముంది ముందు పెట్టడానికి? తుఫాన్లకు ఇల్లే కొట్టుకుపోయి మళ్ళీ కట్టుకున్నవాళ్ళం.

అమ్మమ్మకి ఎనభై దాటాయి. నేను ఫోన్ చేసినప్పుడల్లా ఆమె అడిగేది ఒకటే. "నాను పోనాక మా అయ్య గురించి అడిగే మనిసుండదురా. నా పేనం ఉండగా ఆయనకొక ముద్ద పెట్టండి."

ఇప్పుడు తెలిసింది కదా, ఆ ఇంజను చూసి నాకెందుకు అన్నం సహించలేదో. ఆయన పట్టాలేసిన రైలు నా కళ్ళముందుకు వచ్చి నిలబడింది అనుకున్నాను. ఆయన చెయ్యి తగిలే ఉంటుంది అనుకున్నాను.

ఆ సాయంత్రం మఫ్రఖ్‌లో మేముండే లేబర్ క్యాంపు నుంచి ఇంటికి వీడియో కాల్ చేశాను. ఫోను అమ్మ పట్టుకుంది. అమ్మమ్మ స్క్రీనుకి మొహం ఆనించి చూసింది.

"నిజంగా జపానోడి రైలేనేటిరా?"

"సారు సెప్పినాడు అమ్మమ్మా. జపానోడు పరాయి దేశాల్లో నడిపినదేనంట."

ఆమె వెంటనే మా అమ్మని కసిరింది. "అమాస ఎప్పుడో సూడే. నిలబడిపోనావేటి?"

పెద్దల అమావాస్య దగ్గర్లోనే ఉంది. ఆ రోజు నేనిక్కడ ఇంజను ముందు ఆకు వెయ్యాలి, అదే సమయానికి అక్కడ ఇంట్లో మావయ్య ఆయన పేరు మీద ఆకు వెయ్యాలి. ఫోనులో ఒకరినొకరు చూసుకుంటూ ఉండాలి. అమ్మమ్మ చేసిన ఏర్పాటు అది.

నాకు భయం. వర్క్‌షాపులో ఇలాంటివి ఒప్పుకోరు. నా గదిలోనే ఉండే కడప భాయ్‌తో చెప్పాను. ఆయన ఇసక చిమ్మి తుప్పు రాల్చే బ్లాస్టింగ్ పని చేస్తాడు. ఆ ఇంజను తుప్పంతా కొట్టింది ఆయనే. వయసులో నాకంటే పెద్ద.

"దీనికెందుకు అబ్బీ అంత భయం?" అన్నాడు. "మాకు లేదా ఫాతిహా? పోయినోళ్ళ పేరు మీద మేమూ ఇంత పెడతాం. అన్నం తినే యాళకి పెట్టుకో. యల్లా, ఖలాస్, అంతే. ఎవడన్నా అడిగితే మా తాతకి అని నేను చెప్తా."

"నీ తాత కూడా రైలు పట్టాలేశాడా భాయ్?"

"మా తాత రైలెక్కనే లేదు సామీ. టికెట్ లేకుండా ఎక్కాలని సూసినాడు, తోసేసినారు."

ముసఫాలో కేరళ హోటలు వాడి దగ్గర అరిటాకు ఆయనే పట్టుకొచ్చాడు. నేను తెల్లారకుండా లేచి అన్నం, ముద్దపప్పు, ఎండు నెత్తళ్ళ చేపల వేపుడు చేశాను. మా వైపు పెద్దలకు చుట్ట కూడా పెడతారు. చుట్ట దొరకలేదు, సిగరెట్టు పెట్టాను. పెయింట్ షెడ్డులో నిప్పు కూడదు కాబట్టి వెలిగించలేదు.

మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్ళాక ఇంజను ముందు నేల తుడిచి ఆకు వేశాను. ప్రైమరు కొట్టి ఉంది, బూడిద రంగులో బోసిగా ఉంది ఇంజను. ఫోను ఒక పెయింటు డబ్బాకి ఆనించాను. అవతల అమ్మమ్మ పీట మీద కూర్చుని ఉంది. మావయ్య ఆకు కడుగుతున్నాడు. నేను వడ్డించడం మొదలెట్టాను.

అప్పుడే సారు వచ్చాడు. ఒక్కడే కాదు, హోటలు తరఫు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు.

"ఏంటీ కంపు?"

నేను లేచి నిలబడ్డాను. సారు కిందికి చూశాడు. చూసి, బూటు కొనతో ఆకుని పక్కకు జరిపాడు. తన్నలేదు. తన్నినా బాగుండేది. దారిలో పడి ఉన్న కాగితాన్ని తోసినట్టు తోశాడు. అన్నం నేల మీద పడింది.

"సార్, మా ముత్తాతకి సార్. ఈ రైలు పట్టాలేస్తూ పోయాడు."

"ఏ రైలు?"

"ఇదే సార్. సయాం అడివి రైలు."

సారు నవ్వాడు. "ఎవడు చెప్పాడయ్యా నీకు? ఇది తైవాన్‌ది. అక్కడ జపాన్ వాళ్ళు షుగర్ ఫ్యాక్టరీలు పెడితే చేలల్లోంచి చెరకు లాగిన ఇంజను. చెరకు బండి! సయాం ఎక్కడ, తైవాన్ ఎక్కడ? జపాన్ అని వినపడగానే తద్దినం పెట్టేస్తావా? బయట నా కారు కూడా జపాన్‌దే, దానికీ ఓ ఆకు వెయ్యి."

అక్కడితో ఆపలేదు. ఆ మాటే ఇంగ్లీషులో వాళ్ళకు చెప్పాడు. షుగర్‌కేన్, గ్రాండ్‌ఫాదర్ అన్న మాటలు నాకూ తెలుసు. అందరూ నవ్వారు. ఒకావిడ నా వైపు చూసి జాలిగా కూడా నవ్వింది. "క్లీన్ చేసెయ్" అని సారు వాళ్ళను తీసుకుని ముందుకు వెళ్ళిపోయాడు.

డబ్బా దగ్గర ఫోను అలాగే ఉంది. కాల్ కట్ అవలేదు.

"ఎవుడ్రా ఆ బూటోడు?" అంది అమ్మమ్మ.

నేను నేల మీది అన్నం ఎత్తుతున్నాను.

"తెలుగోడేనేటి?"

"తెలుగోడే అమ్మమ్మా."

"మరయితే ఆకంటే ఏటో తెల్దేటి ఆడికి?"

వెనకాల మావయ్య ఏదో అంటున్నాడు. ఆ రైలు కాదన్నారు కదా, ఇంక ఇక్కడ మాత్రం ఎలా వేస్తాం, అరిష్టం అంటున్నాడు. ఆయన ఆకు మడిచి తీసుకెళ్ళి గొడ్డుకు పెట్టేశాడు. అమ్మమ్మ ఫోను వైపు చూడ్డం మానేసింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. సారు చెప్పింది నిజమే. ఆ గూడ్సు బండ్లకు గోడలు ఉండవు. నిలువుగా ఇనప కడ్డీలు ఉంటాయి, మధ్యలో ఖాళీ. మా వైపు చెరకు లోడు ట్రాక్టరు ట్రక్కులు చూసినవాడికి చూడగానే తెలియాలి. నేనే తొందరపడ్డాను. చెరకు బండి అంటే చెరకు బండే. నవ్వారు, పోనీ. ఆ బూటు మాత్రం నా కళ్ళముందు నుంచి పోలేదు. ప్రైమరు మీద రెండో కోటు కొడుతున్నా అదే, మూడో కోటు కొడుతున్నా అదే.

కొన్నాళ్ళు పోయాయి. నల్ల రంగు పని దాదాపు అయిపోయింది. గూడ్సు బండ్లు కోసి, లోపల బల్లలు, కుర్చీలు బిగించారు. ఒకరోజు సారు నన్ను పిలిచి ఒక స్టెన్సిలు చేతిలో పెట్టాడు.

"ఇంజను మూతి మీద నంబరు మారింది. ఇది వెయ్యి. పాత ఇత్తడి పలక విప్పేసి అక్కడ ఈ కొత్త బోర్డు. పక్కన పేరు తెల్ల రంగుతో."

"ఏం పేరు సార్?"

"సయాం బర్మా లైన్. నంబరు కూడా ఆ లైనుదే. థీమ్ మార్చారు. అడవి, వెదురు, అంతా జంగిల్ స్టైల్."

నేను సరిగ్గా విన్నానా అని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు.

"చెరకు బండి కదా సార్ ఇది."

"అబ్బా, చెరకు బండి పక్కన కూర్చుని ఎవడు తింటాడయ్యా అంత రేటు పెట్టి? ఆ రైలంటే ప్రపంచమంతా తెలుసు. దానికో పేరుంది, చావు రైలు అని. క్లయింటుకి అదే కావాలి."

"సయాం ఎక్కడ, తైవాన్ ఎక్కడ అన్నారు కదా సార్ మీరు."

సారు నా మొహం వంక చూశాడు. గుర్తొచ్చినట్టుంది. "పని చూసుకో" అన్నాడు.

నేను పని చూసుకున్నాను. అంచులకు టేపు అంటించాను, స్టెన్సిలు పెట్టాను, స్ప్రే కొట్టాను. ఆరాక టేపు లాగాను. అంచులు కత్తితో కోసినట్టు వచ్చాయి. చాలా బాగా వచ్చిందని మెచ్చుకున్నారు కూడా. మేము ముద్ద పెట్టుకుంటామంటే అది చెరకు బండి. వాళ్ళు అమ్ముకుంటామంటే అదే బండి చావు రైలు. మా ముత్తాత చావు మాకు పనికిరాకుండా పోయింది, వాళ్ళ మెనూ కార్డుకి పనికొచ్చింది.

ఇత్తడి పలకని భాయ్ విప్పాడు. స్క్రాపు డ్రమ్ములో వేసే ముందు దాన్ని చేత్తో తుడిచి చూశాడు.

"ఇదేం పాపం చేసింది అబ్బీ? ఆ చెరకు నరికినోళ్ళకి, దీంట్లో బొగ్గేసినోళ్ళకి ఆడ మాత్రం పిల్లలుండరా? వాళ్ళూ వచ్చి అడిగితే?"

నేను ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించాక కోపం ఇంకా పెరిగింది. ఒకే నంబరుతో రెండు దేశాల్లో చచ్చిపోయినవాళ్ళని తుడిచేశాను నేను.

అంతటితో అయిపోతే ఇదంతా మింగి ఊరుకునేవాణ్ణేమో. ఆ తరువాత బొమ్మలు వచ్చాయి.

బట్టల షాపుల్లో నిలబెట్టే బొమ్మలు. తెల్లగా, పొడుగు ముక్కులతో ఉన్నాయి. వాటికి గోచీలు కట్టి, భుజాల మీద దుంగలు పెట్టి, ఇంజనుకి రెండు పక్కలా పట్టాలు మోస్తున్నట్టు నిలబెడతారట. ఒళ్ళంతా గోధుమ రంగు వెయ్యాలి. హోటలు తరఫు డిజైనర్ మేడం రంగు ముక్కల కార్డు పట్టుకుని వచ్చి నా చేతి పక్కన పెట్టి చూసుకుంది. నా చేతి పక్కన. తరువాత ఒక రంగు మీద వేలు పెట్టింది.

శాంపిల్ ఒకటి ముందే వేరేచోట వేయించి తెచ్చారు. దాని పెదాలు పైకి లాగి ఉన్నాయి. పళ్ళు కూడా వేశారు.

"నవ్వుతుందేంటి సార్ ఇది?" అన్నాను.

సారు మేడంని అడిగాడు. ఆమె చెప్పింది విని నాకు చెప్పాడు. "జనాలు తింటూ ఉంటారు కదా. ఏడుపు మొహాలు ముందు పెడితే తినలేరు. హ్యాపీగా ఉండాలి."

నాలో ఏదో తెగింది. నేను సారుకి ఎదురు మాట్లాడేవాణ్ణి కాదు. ఇన్నేళ్ళలో ఎవరికీ ఎదురు మాట్లాడలేదు.

"సార్, ఒక మాట. ఆ రోజు ఇది ఆ రైలు కాదని నా ఆకు తోసేశారు. ఇవాళ ఇది ఆ రైలేనని నా చేతనే రాయించారు. రైలు అదే అయితే నా ఆకు నన్ను వేసుకోనివ్వండి."

షెడ్డులో గ్రైండర్లు ఆగిపోయాయి. భాయ్ ముసుగు తీసి దగ్గరికి వచ్చాడు.

"న్యాయమే గదా సార్" అన్నాడు.

సారు మొహం ఎర్రగా అయింది. మేడం ఏంటేంటి అని అడుగుతోంది. ఈసారి సారు ఇంగ్లీషులో చెప్పలేదు.

"సరే. రేపు పొద్దున, ఎవరూ రాకముందు. ఐదు నిమిషాలు. ఫోన్లు గీన్లు వద్దు. ఆ నెత్తళ్ళు అసలే వద్దు."

నేను నెత్తళ్ళు కూడా వండాను. ఫోను కూడా పెట్టాను.

పొద్దున్నే షెడ్డు తలుపులోంచి ఎండ నేరుగా ఇంజను మీద పడింది. నల్లగా మెరుస్తోంది. నేను వేసిన నంబరు మెరుస్తోంది. పక్కన బొమ్మలు దుంగలు మోస్తూ నిలబడి ఉన్నాయి, తెల్లవి అన్నీ, గోధుమ రంగుది ఒకటి. నేను ఆకు పరిచి ఫోను తిప్పి చూపించాను.

అమ్మమ్మ అడిగింది. "ఎవుల్రా ఆ పల్లికిలించినోడు?"

"మీ అయ్యతోపాటు పట్టాలేసినోల బొమ్మలంట అమ్మమ్మా."

"ఎక్కడెడతారు?"

"హోటల్లో. తినేకాడ."

అమ్మ ఏదో అనబోతే అమ్మమ్మ చెయ్యెత్తి ఆపింది.

"కూడు లేక సచ్చిపోయినోల్ని కూడు తినేకాడ నిలబెట్టి నవ్వమంటన్నారేటి?" అంది. "మా అయ్య ఆ బొమ్మల్లో ఎవుడూ కాడు. ఆకు తియ్యి. దాని ముందు ఎట్టకు. తియ్యరా అంటంటే."

ఆకు ముడిచేశాను. భాయ్ ఏమీ అడక్కుండా రెండో కొస పట్టుకున్నాడు. ఆ అన్నం మేమిద్దరం షెడ్డు బయట నీడలో కూర్చుని తిన్నాం.

సారు వచ్చి, బొమ్మల రంగు కలపమన్నాడు. కలపనన్నాను.

"అంటే?"

"నంబరు వేశాను సార్. వీళ్ళకి నవ్వు వెయ్యను."

"నువ్వు వెయ్యకపోతే ఇంకొకడు వేస్తాడు. తెలుసా?"

"తెలుసు సార్."

ఇంకొకడు వేశాడు. నన్ను ఇంజను దగ్గర్నుంచి తీసేసి, మఫ్రఖ్ పక్కన గోడౌన్లు కడుతుంటే అక్కడ ఇనప మెట్లకు రంగు వెయ్యడానికి పంపారు. మెట్లు ఎవరి పేరూ చెప్పుకోవు, వాటితో గొడవ లేదు. భాయ్ ఇప్పటికీ ఐకాడ్‌లోనే ఉన్నాడు. ఇంజనుని క్రేనుతో ట్రైలర్ ఎక్కించిన రోజు ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. "పోయింది అబ్బీ, చెరకు బండి" అన్నాడు. ఆ పేరుతో దాన్ని పిలిచేవాడు ఇప్పుడు ఆయనొక్కడే.

మరుసటి ఏడు పెద్దల అమావాస్య వచ్చింది. నేను గోడౌను మెట్ల కింద కూర్చుని మధ్యాహ్నం ఇంటికి కాల్ చేశాను. అక్కడ గొడవగా ఉంది. వరసగా ఆకులు వేసి ఉన్నాయి. చివర్లో ఒక ఆకు ఎక్కువ ఉంది. దాని ముందు పీట వేసుకుని అమ్మమ్మ కూర్చుంది. మావయ్య తల పట్టుకున్నాడు.

"ఓలమ్మా, నెగమ్మా. పెద్దల ఆకు ముందు బతికున్న మనిసి కూకోకూడదు."

"ఎందుక్కూకోకూడదు? ఆ దాసుడు ఏటన్నాడు? ఆయన ముట్టుకున్నదేదైనా ముందెట్టమన్నాడా లేదా?"

"అన్నాడు..."

"నా మొలకి తాడు కట్టినాడు మా అయ్య. నన్నెత్తుకుని ఊరు తిప్పినాడు. నాకంటే ఆయన ముట్టిన వస్తువేటున్నాది ఈ ఇంట్లో? ఇన్నేళ్ళూ రైల్లంటా రాళ్ళంటా ఎతికినారు, నన్ను ఎదురుగా ఎట్టుకుని. నాను కనబళ్ళేదేటి మీకు? ఒడ్డించు!"

మావయ్య వడ్డించాడు. అన్నం, పప్పు, నెత్తళ్ళు. పక్కన చుట్ట పెట్టాడు. అమ్మమ్మ ఆ ఆకుకి చేతులెత్తి దండం పెట్టింది. తరువాత చుట్ట తీసుకుని తనే వెలిగించి ఒక దమ్ము లాగి మళ్ళీ ఆకు పక్కన పెట్టింది. అమ్మ ఏడుస్తోంది. అమ్మమ్మ ఏడవలేదు. ఆమె మొహంలో కోపమే ఉంది. ముత్తవ్వ ఆకుకి అడ్డం నిలబడినప్పుడు కూడా ఇలాగే ఉండేదేమో అనిపించింది.

ఆకు తీసుకెళ్ళి పెరట్లో పెట్టొచ్చాక ఆమె ఫోను దగ్గరికి వచ్చింది.

"కాకి ముట్టిందా అమ్మమ్మా?"

"ముట్టింది. నెత్తళ్ళు ముందు తినేసింది." తరువాత అడిగింది. "ఒరే, ఆ రైలు మీద నువ్వు నెంబరేసినావు గదా. అది సెరిపీ."

"ఎలాగ సెరుపుతానమ్మమ్మా? అది హోటల్లో ఉన్నాది. లోపలికి నన్ను రానివ్వరు."

"నువ్వేసిన రంగే గదేటి?"

"నేనేసిన రంగే."

"మరి?" అంది అమ్మమ్మ. ఆ రాత్రే కాగితం తీసి ఇది రాయడం మొదలెట్టాను.